వేలూరు మిషన్ సంచార వైద్యం

రాణిపేటలో అమెరికన్ మిషనరీ కుటుంబాన జన్మించిన డాక్టర్ ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒక్క పడకతో వైద్యం ఆరంభించి, 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రిని నెలకొల్పినా, దూరాభారం వల్లా పేదరికం వల్లా పల్లె రోగులు పట్టణం దాకా రాలేకపోవడంతో, వైద్యమే పల్లెకు కదలవలసి వచ్చింది. ఆ అవసరం నుంచి పుట్టిన ‘రోడ్‌సైడ్’, అంటే నిర్ణీత దినాన గుడియాత్తం దారి మజిలీలలో చెట్ల నీడన ఆగి రోగులను పరీక్షించే సంచార వైద్యశాల, మొదట ఎద్దుబండిపైనా తరువాత మోటారు కారులోనూ సాగగా, పుండ్లు కడిగి కట్లు కట్టి మందులు పంచే పని వెంట వచ్చిన సహాయకులది. 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల వెలిశాక, సేవతో పాటు శిక్షణకూ గ్రామమే క్షేత్రమైంది; చిత్తూరు జిల్లా పొరుగునే ఉన్నందున, ఆ వైద్య సంప్రదాయ ఫలం తెలుగు రోగులకూ దక్కింది.