ఎయిర్‌బ్రష్‌కు తగిన కంప్రెసర్: ఎంపికలో గమనించవలసిన అంశాలు

ఎయిర్‌బ్రష్ కలమంత పరిమాణం గల రంగుల పనిముట్టు. గాలి ఒత్తిడితో రంగును సన్నని తుంపరగా చల్లుతుంది. మట్టి విగ్రహాల అలంకరణకు, చిన్న నమూనా బొమ్మలకు, మోటారు సైకిలు ట్యాంకులపై చిత్రాలకు దీనిని వాడుతారు. దీనికి గాలిని అందించే యంత్రమే కంప్రెసర్. పెట్టెపై ముద్రించిన గరిష్ఠ ఒత్తిడిని మాత్రమే చూసి యంత్రం కొన్నవారి సొమ్ము తరచుగా వృథా అవుతుంది. ఎడతెగక అందే గాలి ఎంత అన్నదే అసలు ప్రశ్న.

ఒత్తిడి, గాలి పరిమాణం

ఎయిర్‌బ్రష్ పనికి సాధారణంగా 15 నుండి 30 పి.ఎస్.ఐ. ఒత్తిడి చాలును. పలుచని సిరాలకు ఇంకా తక్కువ సరిపోతుంది. 1 బార్ అనగా సుమారు 14.5 పి.ఎస్.ఐ. కనుక 8 బార్ల యంత్రం ఈ పనికి అవసరం లేదు. నిమిషానికి 20 నుండి 25 లీటర్ల గాలినిచ్చే 1/6 లేదా 1/5 హెచ్.పి. యంత్రం ఇంటి పనికి సరిపోతుంది. పెట్టెపై రాసిన లీటర్ల లెక్క సాధారణంగా ఒత్తిడి లేనప్పటిది. ఒత్తిడి పెరిగినకొద్దీ అందే గాలి తగ్గుతుంది.

ట్యాంకు

ట్యాంకు లేని యంత్రంలో గాలి అలలు అలలుగా వస్తుంది. గీత ఒకచోట చిక్కగా, మరొకచోట పలుచగా పడుతుంది. పైగా మోటారు విరామం లేక వేడెక్కుతుంది. 3 లీటర్ల ట్యాంకు ఉన్నచో ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. ఇట్టి యంత్రాలు చాలావరకు ఒత్తిడి 4 బార్లకు చేరగానే ఆగి, 3 బార్లకు తగ్గగానే తిరిగి మొదలవుతాయి.

తేమ

నొక్కబడిన గాలి చల్లారినప్పుడు అందులోని తేమ నీరవుతుంది. ఒక్క చుక్క నీరు పడినా రంగు చెదిరిపోతుంది. యానాం, గంజాం వంటి తీరప్రాంతాలలో, వానాకాలంలో ఈ సమస్య ఎక్కువ. కనుక ఒత్తిడి సరిచేసే రెగ్యులేటరు, గేజి, నీటిని పట్టే ఫిల్టరు తప్పనిసరి. పని ముగిసిన ప్రతిసారీ ట్యాంకు అడుగు మరను వదులు చేసి నీరు తీసివేయాలి. లేనిచో లోపల తుప్పు పట్టి రేకు బలహీనపడుతుంది.

పనికిరానివి, ప్రమాదకరమైనవి

కారు టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు కొద్ది నిమిషాల పనికే ఉద్దేశించినది. పంచరు దుకాణాలలోని పెద్ద యంత్రం గాలి బాగానే ఇస్తుంది. అయితే దాని చప్పుడు ఇంటిలో భరించలేనిది. గాలితోపాటు నూనె తుంపర కూడా రావచ్చును. పాత ఫ్రిజ్ కంప్రెసరుకు ప్లాస్టిక్ పైపునో, పాత గ్యాసు సిలిండరునో ట్యాంకుగా బిగించడం ప్రాణాపాయం. పగిలిన ప్లాస్టిక్ ముక్కలు కత్తులవలె ఎగురుతాయి. అధిక ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వు లేని ట్యాంకును కొనరాదు.

దుకాణంలో

యంత్రాన్ని పది నిమిషాలు నడిపించి చూడాలి. బ్రష్ బిగించి గాలి వదలుతూ గేజి ముల్లును గమనించాలి. ముల్లు పడిపోతూనే ఉన్నచో యంత్రం చాలదు. గొట్టం మర బ్రష్‌కు సరిపోవునో లేదో చూడాలి. హోసూరు వారు బెంగళూరులో కొన్నట్లు, పొరుగు రాష్ట్రపు పట్టణంలో కొనేవారు మరమ్మతు ఎక్కడ జరుగుతుందో ముందే అడిగి, బిల్లు, వారంటీ కార్డు భద్రపరచుకోవాలి. ఊరిలో కరెంటు వోల్టేజి తక్కువగా ఉన్నప్పుడు మోటారు తిరగక వేడెక్కుతుంది. అప్పుడు వెంటనే ఆపివేయాలి.

ఊపిరి జాగ్రత్త

రంగు తుంపర ఊపిరితిత్తులలోకి పోతుంది. కిటికీలు తెరచి, తగిన మాస్కు ధరించి పని చేయాలి. గుడ్డ కట్టుకున్నంత మాత్రాన థిన్నరు ఆవిరి ఆగదు. గట్టిపరచే ద్రవం కలిపే కొన్ని కారు రంగులలోని ఐసోసయనేట్లు ఉబ్బసానికి కారణమవుతాయి. అవి ఇంటిలో వాడదగినవి కావు. పిల్లలు నేర్చుకొనేందుకు నీటితో కలిపే అక్రిలిక్ రంగులు మేలు. వాటికి కూడా మాస్కు అవసరమే. థిన్నరు వాడే చోట పొయ్యి, దీపం ఉండరాదు. మోటారును కూడా దూరంగా ఉంచాలి.