చెరసాలలోని పాట

గోదావరీ నది బాసర మీదుగా వచ్చి, ఆదిలాబాదు, కరీంనగరు ప్రాంతములకు ఎల్లగా నడచి, ధర్మపురిని, మంచిర్యాలను తాకి, కాళేశ్వరమున ప్రాణహితను కలుపుకొని భద్రాచలమునకు చేరుచున్నది. నీరు దిగువకు పోవును గాని, భద్రాచల రామదాసు పాట మాత్రము ఎగువకు వచ్చినది. శ్రీరామనవమినాడు ఆ కీర్తనలు వినరాని భజన మందిరము ఈ ప్రాంతములలో అరుదు.

కొంతకాలము క్రిందట మంచిర్యాల సమీపమున ఒక పల్లెలో భజనబృందపు పాటలను మేము ధ్వనిముద్రణ చేయుచుండగా, ప్రక్కన నిలిచిన బాలుడొకడు, "ఇది సినిమా పాట గదా తాతా!" అనెను. చిడతలు పట్టిన వృద్ధుడు నవ్వి, "సిన్మ నిన్నగాక మొన్నొచ్చింది బిడ్డా! గీ పాట మా తాత పాడెటోడు" అని బదులు చెప్పెను. ఆ బాలుడు అడిగినదానిలోను తప్పు లేదు. రామదాసును గూర్చి మనలో పెక్కుమందికి తెలిసినది సినిమా చెప్పిన కథయే. అందులో చరిత్ర యెంత, కల్పన యెంత, ఆ గాయకుని సొంత మాట యెంత అను విషయమును ఈనాడు కొంత విచారింతము.

వాగ్గేయకారుని జీవితము చలనచిత్రమునకు తగిన వస్తువు. పాటలు సిద్ధముగా నుండును. కష్టములకు కొదువ యుండదు. తెలుగు టాకీ తొలినాళ్ళలోనే, 1933లో, రామదాసు కథ తెరకెక్కినది. 1946లో 'త్యాగయ్య'ను తీసి, ఆ పాత్రను తామే ధరించి కీర్తి గడించిన చిత్తూరు నాగయ్యగారు, 1964లో 'భక్త రామదాసు'ను నిర్మించి, దర్శకత్వము వహించి, తమ కంఠముతోనే పాడిరి. 2006లో కె. రాఘవేంద్రరావుగారి దర్శకత్వమున 'శ్రీరామదాసు' వచ్చినది. అందు నాగార్జున గోపన్న పాత్రను ధరింపగా, ఎం.ఎం. కీరవాణి సంగీతము కూర్చిరి.

ఇక చరిత్ర. కంచెర్ల గోపన్న ఖమ్మము ప్రాంతమందలి నేలకొండపల్లి వాడు. గోలకొండను 1672 నుండి 1687 వరకు అబుల్ హసన్ తానాషా ఏలెను. ఆయన కొలువులో మాదన్న ప్రధాని. అక్కన్న ఆయన సోదరుడు. గోపన్న వారికి మేనల్లుడని పరంపరగా చెప్పుదురు. పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండి, వసూలైన శిస్తు సొమ్ముతో ఆయన భద్రాచలమున రామునకు గుడి కట్టించెను, నగలు చేయించెను. ప్రభువు అనుమతి లేదు. ఫలితము గోలకొండ చెరసాల. ఆ చీకటి కొట్టును, గోడమీది దేవతామూర్తులను నేటికిని యాత్రికులకు చూపుచున్నారు.

ఆరు లక్షల సొమ్ము, పన్నెండేండ్ల చెర యనునవి కథ చెప్పు లెక్కలు. తానాషా ఏలినది పదునైదేండ్లు మాత్రమే. గోపన్న ఉద్యోగమును, ఆలయ నిర్మాణమును, పన్నెండేండ్ల చెరను, విడుదలను ఆ పదునైదేండ్లలో ఇమిడించుట చరిత్రకారునకు సులభము కాదు. కబీరు సంగతియు అట్టిదే. 1964 నాటి చిత్రమున గుమ్మడి, 2006 నాటి చిత్రమున అక్కినేని నాగేశ్వరరావు కబీరుగా కనిపింతురు. కబీరు పదునైదవ శతాబ్దివాడు. గోపన్న పదునేడవ శతాబ్దివాడు. వీరిని గురుశిష్యులుగా కలిపినది భక్తుల కథా సంప్రదాయమే కాని కాలగణనము కాదు. రామలక్ష్మణులు రాత్రివేళ సుల్తానుకడకు వచ్చి బాకీ చెల్లించిరను ఘట్టము భక్తునకు సత్యము, చిత్రమునకు ముగింపు. చరిత్ర దానిని రుజువు చేయలేదు, కాదనలేదు.

చిత్రము ముగిసినచోట చరిత్ర ముగియలేదు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. అంతకుముందే అక్కన్న మాదన్నలు హతులైరి. తానాషా బందీయై దౌలతాబాదు కోటకు పంపబడి, అచ్చటనే మరణించెను. గాయకుని చెరపెట్టిన ప్రభువు చెరలోనే కన్నుమూసెను! అయినను ఆయనను దుష్టుడని ఒక్కమాటలో త్రోసివేయుటకు వీలు లేదు. భద్రాద్రి కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయనతోనే మొదలైనదని చెప్పుదురు. అది నిజాముల కాలమున సాగినది. తరువాతి ప్రభుత్వములును కొనసాగించినవి.

మరి గోపన్న యేమనెను? ఆయన స్వహస్తముతో వ్రాసిన వాంగ్మూలమేదియు మనకు దక్కలేదు, దక్కినవి కీర్తనలు. వానిలో ఒకదానియందు సీతమ్మకు, లక్ష్మణునకు, భరతునకు, శత్రుఘ్నునకు చేయించిన నగలను ఒక్కొక్కటిగా పేర్కొని, వాని ఖరీదు చెప్పి, ఎవని సొమ్మని కులుకుచున్నావని రాముని నిలదీయును. కోపము మితిమీరగనే, దెబ్బల బాధకు ఓర్వలేక తిట్టితినని క్షమాపణ వేడును. అది భక్తుని పాటయే, కాని జమాఖర్చులు వ్రాసి అలవాటుపడిన తహశీలుదారు పాట కూడ. దేహబాధ, అభిమానము, పశ్చాత్తాపము ఒక్క పాటలో ఇమిడినవి. ఏ చిత్రమును ఇంత సూటిగా ఆయన మనసును చూపజాలదు.

ఇట్టి చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. బ్రెజిల్ గాయని ఎలీస్ రెజీనా 1945లో జన్మించెను. 1964లో ఆ దేశమున సైనికులు అధికారము చేజిక్కించుకొనిరి. 1969లో ఆమె ఐరోపాలో ఆ పాలకులను పరిహసించెను. 1972లో వారి సైనిక క్రీడోత్సవమున జాతీయగీతము పాడవలసి వచ్చెను. అందుకు సొంతవారే ఆమెను నిందించిరి. 1979లో ఆమె పాడిన పాటయే ప్రవాసమునుండి స్వదేశమునకు తిరిగివచ్చువారి పాట యైనది. 1982లో, ముప్పదియారేండ్లకే, మద్యము, మత్తుమందుల వలన మరణించెను. ఊగో ప్రాతా 2016లో ఆమె జీవితమును చిత్రముగా తీసెను. ఆంద్రేయా ఓర్తా ఆ పాత్రను ధరించెను. తెరమీది ముఖము నటిది. పాట మాత్రము ఎలీస్ కంఠముదే. ధ్వనిముద్రణలు మిగిలియున్నవి గనుక అది సాధ్యమైనది.

గోపన్నకు ఆ భాగ్యము లేదు. ఆయన కంఠమెట్టిదో ఎవ్వరికిని తెలియదు. అందుచేత పాడిన ప్రతివారును ఆయనకు కంఠమైరి. త్యాగరాజస్వామి తన కృతిలో ఆయన చెర వీడుటను స్మరించెను. 1948లో విజయవాడ రేడియో కేంద్రము వెలసిన పిమ్మట, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు భక్తిరంజనిలో పాడి ఆ కీర్తనలను ఇంటింటికి చేర్చిరి. ఆ పనిలో రేడియోకు పాలుండుట మాకు గర్వకారణము.

అయితే గర్వము వెనుక ఒక బాధ్యత యున్నది. నరసింహ శతకమును మన నాలుకలపై నిలిపిన ధర్మపురి శేషప్ప కవి జీవితమును గూర్చి మనకు నమ్మకముగా తెలిసినది అత్యల్పము. ఆదిలాబాదు అడవులలో కిక్రీ మీటుచు గోండుల పురాగాథలను పాడు పర్ధానుల కంఠములు ఏయేటికాయేడు తగ్గిపోవుచున్నవి. వారి జీవితములను రేపు ఎవరైనను చిత్రముగా తీయవచ్చును. ఆనాటికి వారి పాట వారి గొంతులోనే దొరకునా, లేక నటులే ఊహించి పాడవలసినదేనా? మీ యింట, మీ వాడకట్టున అట్టి వృద్ధ గాయకుడుండినచో కూర్చుండబెట్టి పాడించుడు, ధ్వనిముద్రణ చేయుడు, పేరు, ఊరు, తేదీ వ్రాసి యుంచుడు.

మంచిర్యాల పల్లెలోని ఆ బాలుడు పాట ముగియువరకు కదలలేదు. తరువాత తాత చేతినుండి చిడతలు తీసికొని తాళము వేసి చూచెను. మొదట తప్పెను, రెండవమారు సరిపోయెను.