ఇనాం, మామూలు, జీతం: గుంటూరు సీమ చరిత్రలో ఒక పాఠం

మిరప కోతలు ముగిసి సరుకు గుంటూరు యార్డుకు చేరే నెలలలో పట్టణంలోని లాడ్జీలకు పొరుగు రాష్ట్రాల కొనుగోలుదారుల రాకపోకలు హెచ్చుతాయి. బస ముగించి గది తాళం అప్పగించే వేళ ప్రయాణికునికి ఒక చిన్న సందేహం కలుగుతుంది. గది ఊడ్చి, దుప్పటి మార్చి, స్నానపు గది కడిగిన మనిషికి వేరుగా ఏమైనా ఇవ్వవలెనా? అద్దె చెల్లించిన తరువాత ఇంకేమి బాకీ అని ఒకరంటారు. చాలీచాలని జీతంతో బ్రతికేవారికి నాలుగు రూకలు ఇస్తే పుణ్యమని మరొకరంటారు. మనమిచ్చే కొద్దీ యజమాని జీతం పెంచడం మానివేస్తాడని మూడవవారు వాదిస్తారు. ఈ మూడు మాటలలోను కొంత సత్యం ఉన్నది. చూచుటకు ఇది స్వల్ప విషయమే. కాని కూలికి, కానుకకు నడుమ గీత ఎక్కడ గీయవలెనన్న ఈ ప్రశ్న గుంటూరు, ప్రకాశం మైదానాలకు కొత్తది కాదు. ఇక్కడి పరిపాలన చరిత్ర, భూముల చరిత్ర, చివరకు ఇక్కడి ప్రజల మాటలు కూడా దానికి సాక్ష్యమిస్తున్నాయి.

మాటలు చెప్పే చరిత్ర

గోల్కొండ కుతుబ్‌షాహీలు 1579లో కొండవీటిని స్వాధీనం చేసుకొన్నారు. ఆ ప్రాంతం ముర్తజానగర్ సర్కారుగా వారి పాలనలో చేరింది. పిమ్మట మొగలులు, ఆసఫ్‌జాహీలు వచ్చారు. ఉత్తర సర్కారులు 1766లో ఇంగ్లీషు కంపెనీకి దక్కినా, గుంటూరు సర్కారు మాత్రం నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా నిలిచి, 1788లో గాని కంపెనీ వశం కాలేదు. పల్నాడు, ఒంగోలు ప్రాంతాలు 1801 వరకు ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉన్నాయి. ఈ రెండు శతాబ్దాల కాలంలో అరబ్బీ, పారశీక పదాలు కచేరీల నుండి కళ్ళాలకు, కళ్ళాల నుండి ఇండ్లకు చేరి తెలుగు మాటలైపోయాయి.

వాటిలో కొన్నింటి అర్థాలు పరిశీలింపదగినవి. ‘ఇనాం’ అరబ్బీ పదం. అనుగ్రహించి ఇచ్చినదని దాని భావం. ‘బక్షీసు’ పారశీకం, అదీ ఇచ్చుట నుండి పుట్టినదే. ‘మామూలు’ అనగా ఆచరణలో ఉన్నది, వాడుకైనది. ‘రుసుము’ కూడా మూలంలో ఆచారాలు అనే అర్థం కలదే. ‘హమాలీ’ బరువు మోయుట నుండి వచ్చింది. ‘జీతం’ మాత్రం సంస్కృత మూలం కలది. జీవనానికి ఆధారమైనదని భావం. సి.పి. బ్రౌను 1852లో వెలువరించిన జిల్లా నిఘంటువు, హెచ్.హెచ్. విల్సను 1855 నాటి పదకోశం ఇటువంటి కచేరీ మాటలకు అర్థం చెప్పుటకే పుట్టాయి. అనుగ్రహంగా మొదలైన ఇనాం ఏటేటా సాగితే మామూలవుతుంది. మామూలు ఒకసారి స్థిరపడితే దానిని జీతం లెక్కలో జమ కట్టే చేయి ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఈ సీమ చరిత్రలో ఇది పదేపదే జరిగింది.

రవ్వల గనులలో కూలి

ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో సంచరించి, 1676లో తన యాత్రాగ్రంథాన్ని ప్రకటించాడు. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి సుమారు 60,000 మంది పని చేస్తున్నారని అతడు వ్రాశాడు. పురుషులు త్రవ్వేవారు, స్త్రీలు, పిల్లలు మట్టి మోసేవారు. ఆ కొల్లూరు నేటి పల్నాడు జిల్లాలోనిది. గని ప్రదేశం పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

ఆ గ్రంథంలోనే కర్నూలు వైపు రామళ్ళకోట గనిగా పండితులు గుర్తించిన చోట పనివారి కూలి ఏడాదికి మూడు వరహాలని ఉన్నది. పెద్ద రాయి దొరికించినవానికి తలపాగా గుడ్డ, కొంత రొక్కం, బియ్యం, చక్కెర బహుమానంగా ఇచ్చేవారట. కూలి అంత అల్పం గనుక పనివారు సందు దొరికితే రాళ్ళు దాచేవారనీ, అందుకు కావలివారిని పెట్టవలసి వచ్చిందనీ అతడే చెప్పాడు. తలపాగా గుడ్డ గౌరవమే, కాదనలేము. కాని ఆ గౌరవం మూడు వరహాల కొరతను పూడ్చలేదు. కావలివారికయ్యే ఖర్చు పెట్టగలిగిన యజమానులు కూలి పెంచవలెనని మాత్రం తలచలేదు.

మాన్యాలు, మేరలు, కచేరీ మామూళ్ళు

గ్రామాలలో మరొక పద్ధతి నడిచింది. తలారి, వెట్టి, నీరుగంటి వంటి గ్రామ సేవకులకు జీతానికి బదులు కొద్దిపాటి మాన్యం, కళ్ళంలో ధాన్యం రాశి నుండి ‘మేర’ అనే భాగం దక్కేవి. ఖాజీలకు, ఆలయాలకు, దర్గాలకు కూడా ఇటువంటి ఇనాం భూములు ఉండేవి. ఈ పద్ధతిలో ఒక మేలు ఉన్నది: పంట పండితే సేవకునికీ భాగం దక్కుతుంది. ఒక కీడూ ఉన్నది: మాన్యం తింటున్నాడన్న మాట ఒక్కటి చాలు, అతనిచేత ఎంత పనియైనా చేయించుకొనుటకు. ‘వెట్టి’ అనే ఉద్యోగనామం తెలుగులో కూలి లేని చాకిరికి పేరుగా నిలిచిపోవుట ఇందుకు నిదర్శనం. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషను నియమించి ఎవరి హక్కు ఎంతటిదో విచారించవలసి వచ్చింది. 1956 నాటి ఆంధ్ర చట్టం ఇనాములను రద్దు చేసి రైత్వారీ పట్టాలుగా మార్చింది. వంశపారంపర్య గ్రామోద్యోగాలు 1984లో రద్దయ్యాయి. కానుకగా పుట్టినదాని నుండి జీతాన్ని విడదీయుటకు ఒక శతాబ్దం పైగా పట్టింది.

కచేరీలలో పరిస్థితి ఇంకా విపరీతం. 1773 నాటి రెగ్యులేటింగ్ చట్టం కంపెనీ దొరలు కానుకలు పుచ్చుకొనరాదని శాసించింది. కారన్‌వాలిస్ కాలంలో ఆ దొరలకు జీతాలు బాగుగా పెరిగాయి. దేశీయ ఉద్యోగులకు మాత్రం అదే న్యాయం వర్తించలేదు. తగిన జీతం, గౌరవం ఇవ్వకుండా వారినుండి నిజాయితీని ఆశించుట తగదని మద్రాసు గవర్నరు థామస్ మన్రో వాదించాడు. ఫలితం ఏమైనదో గుంటూరు చూపింది. 1845లో సర్ వాల్టర్ ఎలియట్ ఇక్కడికి విచారణకు వచ్చినపుడు, కచేరీ ఉద్యోగుల కూటమి సర్కారు రాబడిని ఏళ్ళ తరబడి దాచిన తీరు బయటపడింది. 1965లో వెలువడిన ఫ్రైకెన్‌బర్గ్ గుంటూరు జిల్లా చరిత్ర ఈ గాథనంతటిని సవిస్తరంగా చెప్పింది.

వ్యాపార కేంద్రాలలో వాడుక పేరిట కోతలు సాగాయి. తూకానికింత, మచ్చుకింత, ధర్మానికింత అని రైతు సొమ్ములో నుండి తీసేవారు. ఇతరుల సొమ్ముతో చేసిన దానం దానమెట్లవుతుంది? 1928లో రాయల్ వ్యవసాయ కమిషను ఇటువంటి కోతలను విమర్శించి క్రమబద్ధమైన మార్కెట్లు కావలెనన్నది. 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, పిదప ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి మార్కెట్ల చట్టం ఆ దారిలో వచ్చినవే. హమాలీకి బస్తాకింత అని ముందుగా రేటు నిర్ణయించుట వలన మోసేవానికీ, మోయించుకొనేవానికీ బేరం తప్పింది.

ధర్మశాస్త్రం గీసిన గీత

ఇస్లామీ ధర్మశాస్త్రం కూలిని, కానుకను రెండు వేర్వేరు అధ్యాయాలలో ఉంచింది. పని చేయించుకొనుట ‘ఇజారా’. ప్రతిఫలం లేకుండా ఇచ్చుట ‘హిబా’. ఇజారాలో కూలి ఎంతో ముందుగా తెలిసి ఉండవలెను. తెలియని కూలితో కుదిరిన ఒప్పందం దోషయుక్తం; అప్పుడు ఆ పనికి లోకంలో ఎంత చెల్లునో అంత ఇవ్వవలసి ఉంటుంది. హిజ్రీ 593లో, అనగా 1197లో, మరణించిన మర్గీనానీ తన ‘హిదాయా’లో ఈ సూత్రాలను వివరించాడు. శ్రామికుని చెమట ఆరక మునుపే కూలి చెల్లించవలెనన్న ప్రవక్త (స) ఉపదేశాన్ని ఇబ్నె మాజా సంకలనం నమోదు చేసింది.

కానుక విషయంలో మరొక సంఘటన ప్రసిద్ధం. జకాతు వసూలుకు వెళ్ళిన ఇబ్నుల్ లుత్బియా తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చినది అని సొమ్మును రెండుగా చూపాడు. అతడు తన తండ్రి ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక అతనిని వెదకుతూ వచ్చేదా అని ప్రవక్త (స) మందలించారు. బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోను ఇది ఉన్నది. అధికారం గలవానికి ఇచ్చేది కానుక పేర లంచం కావచ్చునని దీని సారాంశం. లాడ్జీలో గది ఊడ్చే స్త్రీకి మనపై ఏ అధికారమూ లేదు. కనుక ఆమెకిచ్చినది కచేరీ మామూలు వంటిది కాదు. ఆమె విషయంలో అపాయం వేరొకటి: ఆ కానుకను యజమాని తన లెక్కలో జమ కట్టుకొనుట.

నేటి లెక్క

ఈ అపాయం ఊహ కాదు. అమెరికా సమాఖ్య చట్టం కస్టమర్ల టిప్పులు పొందే పనివారికి యజమాని చెల్లించవలసిన కనీస వేతనాన్ని 1991 నుండి గంటకు 2 డాలర్ల 13 సెంట్ల వద్దనే నిలిపి, మిగిలినది టిప్పులతో పూడ్చుకొనే వీలు కల్పించింది. చదువుకు, ఉద్యోగానికి అక్కడికి వెళ్ళిన తెలుగువారు భోజనపు బిల్లుపై శాతం లెక్కించి ఇవ్వవలసి వచ్చుటకు ఇదొక కారణం. కానుక అక్కడ పేరుకే కానుక.

మన దేశపు న్యాయస్థానాలు వేరొక దారి పట్టాయి. జైపూరు రాంబాగ్ ప్యాలెస్ హోటలు కార్మికుల వివాదంలో 1976లో సుప్రీంకోర్టు, అతిథులిచ్చే సొమ్ము యాజమాన్యపు సొమ్ము కానందున దానిని వేతనంలో భాగంగా చూడరాదన్నది. 2016లో ఐటీసీ కేసులో, అతిథులు ఇచ్చిన టిప్పును హోటలు వసూలు చేసి పంచినంత మాత్రాన అది జీతం కాబోదని, దానిపై జీతపు పన్ను కోయనవసరం లేదని చెప్పింది. 1948 కనీస వేతనాల చట్టం కాలం నుండి దేశంలో వేతనానికి అడుగు హద్దు చెల్లించే బాధ్యత యజమానిదే, అతిథిది కాదు.

ఇక ప్రయాణికుని సందేహానికి సమాధానం చరిత్రలోనే లభిస్తున్నది. ఇవ్వవచ్చును, ఇచ్చుట మంచిది. కాని అది కానుకయై ఉండవలెను, కూలికి మారుగా కారాదు. హనఫీ శాస్త్రం ప్రకారం హిబా పుచ్చుకొనేవారి చేతికి అందినపుడే పూర్తి అవుతుంది. కౌంటరు వద్ద ఎవరికో ఇచ్చి వెళ్ళిన నోటు గది కడిగిన చేతికి చేరుతుందని నమ్మకం లేదు. దిండు క్రింద మాటాడక విడిచిన సొమ్ము కానుకయో, మరచిన సొమ్మో ఆమెకు తెలియదు. ముట్టుకొంటే నింద రావచ్చును. అందుచేత చేతికే ఇవ్వవలెను. ఆమె కనబడకపోతే, ఇది గది శుభ్రం చేసినవారికి అని ఒక చీటీ వ్రాసి పెట్టవలెను. ఇచ్చేది బిల్లు లెక్కకు కట్టుబడనవసరం లేదు. ఇవ్వలేనివాడు దోషి కాడు.

యజమాని మాత్రం ఈ కానుక వంక చూడనే రాదు. అది ఎంతో తెలిసికొని జీతం తగ్గించుట, పెంచవలసినపుడు పెంచకపోవుట, అతిథులు ఇస్తారు కదా అని పనిలో చేర్చుకొనేటప్పుడే చెప్పుట ఒకే తప్పుకు మూడు రూపాలు. మూడు వరహాల కూలి ఇచ్చి తలపాగా గుడ్డతో గౌరవించిన గనుల యజమానులు చేసినదీ అదే. జీతం సక్రమంగా అందిన మనిషికే కానుక ఆనందం కలిగిస్తుంది. జీతం అందని మనిషికి అది ఆలస్యంగా, మరొకరి చేతి మీదుగా, సగమే తిరిగి వచ్చిన ఆమె సొమ్ము మాత్రమే.