తెల్ల పావురం

రాత్రివేళ కచేరీ ముగించుకుని ఇంటికొస్తున్నారు. తమ్ముడు రాల్ఫ్ కారు నడుపుతుంటే, అన్న కార్టర్ స్టాన్లీ లోపలి దీపం వేసుకుని ఏదో రాసుకుంటున్నాడు. దీపం ఆర్పమని తమ్ముడి విసుగు. అలా పుట్టిందే ‘ద వైట్ డవ్’ పాట. అమ్మానాన్నలను పోగొట్టుకున్న కొడుకు దుఃఖం అది. అప్పటికి తల్లి లూసీ, తండ్రి లీ ఇద్దరూ బతికే ఉన్నారు. 1949లో దాన్ని రికార్డు చేసేనాటికి కార్టర్‌కి 23 ఏళ్లు. ఆ వయసులో అంత శోకం ఎక్కడిదో!

అమెరికాలో వర్జీనియా కొండల పిల్లలు వీళ్లు. సైన్యం నుంచి తిరిగొచ్చి 1946లో క్లించ్ మౌంటెన్ బాయ్స్ బృందం కట్టారు. మధ్యాహ్నం బ్రిస్టల్ రేడియోలో పాట, పొద్దుగూకితే ఏదో ఒక ఊళ్లో కచేరీ. బిల్ మన్రో వేసిన బ్లూగ్రాస్ సంగీతపు బాటలో నడిచిన తొలి బృందాల్లో వీరిదొకటి. కార్టర్ గిటార్ మీటుతూ పాట ఎత్తుకుంటే, రాల్ఫ్ పైస్థాయిలో గొంతు కలిపేవాడు. కార్టర్ గొంతులో ఏడుపు వినబడదు. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మనిషి నెమ్మది వినబడుతుంది. వింటుంటే గుండె పట్టేస్తుంది.

ఎల్విస్ ప్రెస్లీ గాలి వీచాక కచేరీలు తగ్గిపోయాయి. 1958లో పొట్ట చేతపట్టుకుని ఫ్లోరిడాలోని లైవ్ ఓక్‌కి మకాం మార్చారు. బృందం చిన్నదైపోయింది. నిలువెత్తు బాస్ వాయించే జార్జ్ షఫ్లర్ దాన్ని పక్కన పెట్టి గిటార్ అందుకున్నాడు. ఫిడేలు, మాండొలిన్ లేని లోటును ఆ తీగల మీదే పూడ్చాడు. పాట వాసి తగ్గలేదు. కార్టర్ తాగుడు మాత్రం పెరిగింది. ఎడతెగని ప్రయాణాలు, చేతిలో డబ్బు నిలవని దిగులు, వాటిని మరిపించే సీసా. కాలేయం పాడైంది.

1966 అక్టోబరులో కెంటకీలోని హేజెల్ గ్రీన్‌లో కచేరీ మధ్యలోనే వేదిక దిగిపోయాడు. డిసెంబరు 1న, ఒకప్పుడు రేడియోలో పాడిన ఆ బ్రిస్టల్‌లోనే, ఆసుపత్రిలో కన్నుమూశాడు. 41 ఏళ్లు!

2000లో వచ్చిన ఒక సినిమాతో ఈ కొండపాటలకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. రెండేళ్లకు రాల్ఫ్ 75 ఏళ్ల వయసులో గ్రామీ అందుకున్నాడు. పక్కన అన్న లేడు.

అమ్మ పోయిందని పాట కట్టిన కార్టర్‌ని సొంత కొండ స్మిత్ రిడ్జ్ మీద మట్టికి అప్పగించేనాటికి, ఆ అమ్మ బతికే ఉంది.