బియ్యం మానేసి కొర్రలో, రాగులో ఒక్కటే తింటున్నారా? ఏ గింజలో ఏముందో ముందు తెలుసుకోండి..

షుగర్ వచ్చిందని కొందరు, బరువు తగ్గాలని ఇంకొందరు.. ఈ మధ్య చాలామంది బియ్యాన్ని పూర్తిగా పక్కన పెట్టి ఏదో ఒక చిరుధాన్యానికి మారిపోతున్నారు. పొద్దున కొర్ర ఉప్మా, మధ్యాహ్నం కొర్ర అన్నం, రాత్రికీ అదే. మార్పు మంచిదే. కానీ బియ్యం స్థానంలో ఇంకో గింజను ఒక్కదాన్నే తెచ్చిపెడితే సమస్య తీరదు. ఎందుకంటే అన్నీ ఉన్న గింజ అంటూ ఏదీ లేదు. ఒక్కోదాంట్లో ఒకటి ఎక్కువ, ఇంకోటి తక్కువ.

ఏ గింజలో ఏముంది?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2017లో ఇచ్చిన ఆహార పట్టికల ప్రకారం, వండని 100 గ్రాముల గింజల్లో సుమారుగా ఉండేవి ఇవి..

* రాగులు: కాల్షియం 364 మిల్లీగ్రాములు, ఐరన్ 4.6 మిల్లీగ్రాములు, పీచు 11 గ్రాములు. ప్రోటీన్ మాత్రం 7 గ్రాములే.
* సజ్జలు: ఐరన్ 6.4 మిల్లీగ్రాములు, ప్రోటీన్ 11 గ్రాములు. కాల్షియం 27 మిల్లీగ్రాములే.
* జొన్నలు: ప్రోటీన్ 10 గ్రాములు, పీచు 10 గ్రాములు, ఐరన్ 4 మిల్లీగ్రాములు.
* సామలు: ప్రోటీన్ 10 గ్రాములు, పీచు 7.7 గ్రాములు. ఐరన్ మాత్రం 1.3 మిల్లీగ్రాములే.
* గోధుమలు: ప్రోటీన్ 10.6 గ్రాములు, పీచు 11 గ్రాములు. అదే మైదాగా మారితే పీచు 3 గ్రాముల లోపు.
* తెల్ల బియ్యం: ప్రోటీన్ 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు, ఐరన్ 0.65, కాల్షియం 7.5 మిల్లీగ్రాములు.

చూశారుగా.. ఎముకల బలానికి రాగులు, ఐరన్‌కు సజ్జలు ముందున్నాయి. అలాగని చిరుధాన్యం అనగానే అన్నింట్లో అన్నీ ఉంటాయనుకోవద్దు. ఇంకో మాట. పైన చెప్పింది 100 గ్రాముల లెక్క. ఒక గ్లాసు రాగి జావలో పడేది 30 గ్రాముల పిండి అనుకుంటే, దాంట్లో వచ్చే కాల్షియం 110 మిల్లీగ్రాములు మాత్రమే.

అసలు బలం తవుడులోనే

గింజ లోపల తెల్లగా ఉండేది ఎక్కువగా పిండి పదార్థమే. విటమిన్లు, ఖనిజాలు, పీచు ఎక్కువగా పై పొర అయిన తవుడులోనూ, మొలక వచ్చే భాగంలోనూ ఉంటాయి. ఫెరూలిక్ యాసిడ్ లాంటి యాంటీ ఆక్సిడెంట్లు కూడా అక్కడే పీచుకు అంటుకుని ఉంటాయి. పేగుల్లో మేలు చేసే బ్యాక్టీరియా వాటిని విడగొడుతుంది. బియ్యాన్ని పాలిష్ పట్టేకొద్దీ ఇవన్నీ తవుడుతో పాటు బయటికి పోతాయి. తవుడు నూనె ప్యాకెట్ మీద గొప్పగా రాసే ఒరిజనాల్ కూడా ఇలా పోయేదే.

రంగు కూడా ఒక గుర్తు. నల్ల బియ్యానికి ఆ రంగు ఇచ్చేది ఆంథోసయనిన్లు. నేరేడు పండులో ఉండేవీ ఇవే. పసుపు మొక్కజొన్నలో కంటికి మేలు చేసే ల్యూటిన్ ఉంటుంది. ఓట్స్, బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. రోజుకు 3 గ్రాములు అందితేనే ఆ ఫలితం కనిపిస్తుంది.

ఒకే గింజ మీద బతికితే ఏమైంది?

ఇది మన దగ్గర జరిగిన కథే. పాలిష్ బియ్యం మీదే ఆధారపడిన కోస్తా ఆంధ్ర జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి జబ్బు ఎక్కువగా ఉండేది. విటమిన్ బి1 లోపం వల్ల కాళ్లు తిమ్మిరెక్కి, నరాలు, గుండె దెబ్బతినే జబ్బు ఇది. దీని మీద పరిశోధనకు 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న విభాగమే 1958లో హైదరాబాద్‌కు వచ్చి, ఆ తర్వాత ఎన్ఐఎన్ అయింది. ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఈ ముప్పు తక్కువ. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 కొంత గింజ లోపలికి వెళ్తుంది మరి.

మరి జొన్నలతో అంతా బాగేనా? అదీ కాదు. దక్కన్ ప్రాంతంలో జొన్నలు తప్ప ఇంకేమీ దొరకని పేదల్లో చర్మం నల్లబడి పగిలే పెల్లాగ్రా కనిపించింది. జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్ దీనికి ఒక కారణం కావచ్చని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంటియా 1960లో ప్రతిపాదించారు. జొన్న చెడ్డదని కాదు. పప్పు, కూర, పాలు లేకుండా ఒక్క గింజ మీదే బతకాల్సి రావడమే అసలు సమస్య.

తిన్నది ఒంటికి పట్టాలంటే..

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగం మందికి పైనే. సజ్జల్లో ఐరన్ ఉన్నా, తవుడులోని ఫైటేట్ దాన్ని పూర్తిగా ఒంటికి పట్టనివ్వదు. దీనికి మన వంటింట్లోనే మార్గాలున్నాయి.

* గింజల్ని రాత్రంతా నానబెట్టండి. మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఫైటేట్ ఇంకా తగ్గుతుంది. రాగుల్ని మొలకెత్తించి జావ పిండి పట్టించుకోవడం ఇందుకే మేలు.
* కూరలో నిమ్మరసం పిండుకోండి, భోజనం తర్వాత జామకాయ తినండి. విటమిన్ సి వల్ల ఐరన్ బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ వద్దు.
* ఏ గింజైనా పక్కన పప్పు ఉండాలి. ధాన్యాల్లో తక్కువగా ఉండే లైసిన్ పప్పుల్లో దొరుకుతుంది.

కొనేటప్పుడు ఇవి చూడండి

కొర్రలు, సామలు, అరికెల మీద ఊక తినడానికి పనికిరాదు, అది తీయాల్సిందే. కానీ దాని కింద ఉన్న తవుడునూ తీసేసి పాలిష్ చేస్తే ఎక్కువ ధర పెట్టి మళ్లీ పిండి పదార్థమే కొన్నట్టు. మరీ తెల్లగా, నున్నగా మెరిసే గింజలు తీసుకోవద్దు. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి పాలిష్ చేయనివి త్వరగా పాడవుతాయి. సజ్జ పిండి అయితే కొద్ది రోజులకే చేదెక్కుతుంది. అందుకే కొంచెం కొంచెంగా పట్టించుకోవడం మంచిది.

ఎవరు జాగ్రత్త పడాలి?

షుగర్ ఉన్నవాళ్లు మెత్తటి పిండితో కాచిన జావ కంటే గింజగా వండినదో, రొట్టెనో ఎంచుకోవాలి. జావ త్వరగా అరిగి షుగర్‌ను త్వరగా పెంచుతుంది. ఏ గింజైనా కొలత కూడా ముఖ్యమే. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు రోజూ సజ్జలే తినడం మంచిది కాదు. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉంటే గోధుమ, బార్లీ మానాలి. బియ్యం, జొన్న, సజ్జ, రాగిలో గ్లూటెన్ ఉండదు. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌ను అడిగాకే మార్పులు చేసుకోండి.

మరి ఎలా తినాలి? అన్నాన్ని పూర్తిగా మానాల్సిన పనిలేదు. ఒక పూట అన్నం, ఒక పూట జొన్న రొట్టె, వారంలో రెండు మూడు రోజులు రాగి సంకటి, చలికాలంలో సజ్జ రొట్టె.. ఇలా మార్చి మార్చి తింటే ఒక గింజలో లేనిది ఇంకో గింజలో దొరుకుతుంది.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. మందులు వాడుతున్నవారు ఆహారంలో మార్పులు చేసే ముందు డాక్టర్ సలహా తీసుకోండి.