విశాఖ రేవు లోయ – దాని పుట్టుక

విశాఖపట్టణమునందలి వన్ టౌన్‌లో మూడు చిన్న కొండలు ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకదానిపై దేవాలయము, ఒకదానిపై దర్గా, ఒకదానిపై చర్చి. వాటికి చేరువనే ఓడలు వచ్చిపోవు కాలువ. దాని కావలి యొడ్డున డాల్ఫిన్ నోస్ కొండ సముద్రములోనికి ముక్కు సాచి నిలిచినది. ఈ కొండలు ఎప్పటివని విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు రెండు జవాబులు చెప్పవలసి యుండును. శిల వయస్సు వేరు, దాని ఆకారము వయస్సు వేరు.

శిల మిక్కిలి పురాతనము. 1902లో టి. ఎల్. వాకర్ ఖోండు జాతి పేరిట దీనికి ఖొండలైటు అని పేరు పెట్టెను. కోణార్క దేవాలయమున వాడినదియు ఈ జాతి రాయియే. బంకమట్టి, ఇసుక కలిసిన పూర్వపు నిక్షేపములు భూమిలో మైళ్ల లోతున వేడిమికి, ఒత్తిడికి లోనై, సుమారు 100 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ రూపమునకు వచ్చినవి. అంత లోతున తయారైన రాయి నేడు కాలి క్రింద కనబడుచున్నదనగా, నేల పైకి లేచుటయు, పైనున్న మందమంతయు అరిగి కొట్టుకొని పోవుటయు జరిగి యుండవలెను. సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట అంటార్కిటికా విడిపోవుటతో ఈ తూర్పు తీరము ఏర్పడినది.

ఆకారము దగ్గరనే చిక్కు. నేల మరల లేచినచో ముసలి నదికి తిరిగి యౌవనము వచ్చి లోతుగా కోయునని అమెరికను శాస్త్రజ్ఞుడు డేవిస్ 19వ శతాబ్దపు చివరి భాగమున బోధించెను. ఆ సూత్రము చేతబట్టి ప్రతి లోతైన లోయకు భూచలనమే కారణమనుట సులభము. కాని నది కోయుటకు నేల లేవనక్కరలేదు, సముద్రము దిగినను చాలును. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట, మంచు యుగమున, సముద్రమట్టము నేటికంటె 120 మీటర్లు దిగువన నుండెను. నాడు మేఘాద్రి గెడ్డ ఇంకను తూర్పునకు పారి యుండవలెను. మంచు కరగి సముద్రము పైకి వచ్చి లోయను ముంచినది. గెడ్డలు తెచ్చిన ఒండ్రు దానిని పూడ్చి బురదనేలగా మార్చినది. 1933లో తెరచిన రేవు ఆ బురదను త్రవ్వి చేసినదే.

మరి నేల లేచినదనుటకు సాక్ష్యము? అందుకు మన్యము ఎక్కవలెను. మాడుగుల కొండలలో, సముద్రమునకు అంత దగ్గర పుట్టిన మాచ్‌ఖండ్ నది సముద్రమునకు వీపు త్రిప్పి ఉత్తరముగా మెరకపై నింపాదిగా సాగును. డుడుమ వద్ద ఒక్కసారిగా 500 అడుగులకు పైగా దూకును. పిదప దక్షిణమునకు మళ్లి, సీలేరై, శబరి ద్వారా గోదావరిని చేరును. పైన ముసలి నది, క్రింద పడుచు నది! గట్టిరాయి అడ్డుపడుటయు కొంత కారణము కావచ్చును. కాని సముద్రమునుండి నదీమార్గమున ఇంత దూరమున, ఇంత ఎత్తున నున్న దుముకును మంచు యుగపు సముద్రమునకు అంటగట్టుట కష్టము. మెరక లేచినది, కోత దిగువనుండి ఎగువకు ప్రాకుచు డుడుమ దాకనే వచ్చినది.

హిమాలయమువలె ఏటేటా మిల్లీమీటర్ల లెక్కన లేచు నేల కాదిది. అయినను 1917 ఏప్రిల్ 17న విజయనగర ప్రాంతమున 5.5 ప్రమాణపు భూకంపము వచ్చినది. డుడుమ వద్ద నది దూకు ఎత్తును వినియోగించుకొని 1955 నుండి మాచ్‌ఖండ్ కేంద్రమున విద్యుచ్ఛక్తిని తీయుచున్నారు.