కిల్టు ముందరి తోలుతిత్తి

స్కాట్లండు ఉత్తరపు కొండసీమవారి కిల్టునకు, మన పంచెకు వలెనే, జేబు లేదు. మనవారు రూకలను రొంటిని దోపుకొనిరి. వారు నడుమునకు ముందు తోలుతిత్తిని వ్రేలాడగట్టుకొనిరి. దానిని స్పోరను అందురు. వారి గేలిక్ భాషలో ఆ మాటకు సంచి యనియే యర్థము. మొదట నది మూతికి వారు బిగించిన జింకతోలు సంచి మాత్రమే; ఇత్తడి మూతికట్లు తరువాత వచ్చినవి.

1745 నాటి తిరుగుబాటు అణగిన పిదప, 1746లో చేసిన చట్టము ఆ సీమ పురుషులు తమ వేషము ధరింపరాదని శాసించినది. తొలి తప్పునకు ఆరునెలల చెర, మలి తప్పునకు ఏడేండ్ల ద్వీపాంతరవాసము. 1782లో గాని అది రద్దు కాలేదు. పరసీమలలో ఇంటి కట్టును తరతరములుగా నిలుపుకొనుచున్న మనకు ఆ ముప్పదియారేండ్లు ఎంతటి కాలమో వేరుగ చెప్పనక్కరలేదు.

సైనికులకు మాత్రము మినహాయింపుండుటచే వేషము పటాలములలో నిలిచినది. కాని స్పోరను రూపు మారినదియు నచ్చటనే. మేకవెండ్రుకలు, పిమ్మట గుర్రపువెండ్రుకలు, కుచ్చులు చేరి, సంచి కాస్త అలంకారమైనది. 1822లో నాల్గవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు వాల్టరు స్కాటు నడపిన ఉత్సవములతో ఆ సొగసు పౌరులకును అబ్బినది.

నేడు పగటికి సాదాతోలుది, రాత్రి విందులకు వెండిమూతి గల సీలుచర్మపుది, తిత్తివాద్యము వాయించువారికి పొడుగువెండ్రుకలది కట్టుట పరిపాటి. మా మట్టుకు సాదాదియే మేలు, డబ్బులు పట్టును. సేకరించువారు ఆ తోలు దేనిదో, ఏనాటిదో అడిగి తెలిసికొనవలెను. నీరుకుక్క వంటి రక్షితజంతువుల తోలుదానిని ఉంచుకొనుటకు 2007 నుండి అచ్చట లైసెన్సు కావలసివచ్చినది. మిక్కిలి పాతవానిలో తోలు శిథిలమై మూతికట్టు మాత్రమే మిగిలినవి కలవు. ఎడింబరో మ్యూజియములో అట్టిదొకటి యున్నది: కిటుకు తెలియక తెరవబోవు దొంగపై ప్రేలునట్లు దానిలోపల నాలుగు పిస్తోళ్లను అమర్చినారు.